పచ్చ దీపం ముందు ఆరిపోద్ది

బోటు మీద మనకి వెలుగిచ్చే దీపాలు వేరు, మనల్ని చూపించే దీపాలు వేరు. వంట దగ్గర బల్బు పోయిందనుకోండి, కళాసీ ఊరుకోడు, అప్పటికప్పుడు డ్రైవరు మీద పడతాడు. వల ఎత్తేటప్పుడు డెక్కు మీద లైటు లేకపోతే చేపేదో పామేదో తెలీదు, కాబట్టి అది పోయినా గోలే. అదే ఎడంపక్క ఎర్ర లైటు పోయిందనుకోండి, ఎవడికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. కేబిన్లో చుక్కాని పట్టుకున్నోడికి అది వెలిగినా కనపడదు, ఆరినా కనపడదు. కనపడకూడదనే కడతారు దాన్ని, లోపలి వైపు పలక అడ్డం పెట్టి మరీ. అది ఎదర వచ్చేవాడి కోసం. ఆ ఎదరోడు మన బోటుకి ఎదురొచ్చి ‘మీ లైటు పోయిందర్రా’ అని చెప్పిపోడు కదా. అందుకే సైడు లైటు ఆర్నెల్లు ఆరిపోయి ఉన్నా ఆ బోటు సుబ్బరంగా వేటకెళ్ళి వస్తానే ఉంటది. ఇలా ఎవరికీ పట్టని దీపాల వెనకాల తిరగడంతోనే నా బతుకు గడిచింది.

ఒరే, ఆ దుంగ కాస్త లోపలికి తొయ్యండి, పొగంతా నా మొహం మీదకే వస్తంది.

మా నాన్న రోజుల్లో ఈ వైర్ల గొడవ లేదు. నావ మీద అరికెన్ లాంతరు ఒకటుండేది, అంతే. స్టీమరు మీదకొస్తంటే లాంతరు పైకెత్తి ఊపేవాళ్ళు, గొంతు పోయేలా అరిచేవాళ్ళు. తెప్ప మీదైతే అదీ లేదు. టార్చిలైటు కొనుక్కోగలిగినోడు కొనుక్కున్నాడు, లేనోడు గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకున్నాడు. కాకినాడ మామూలు రేవు కాదు కదా. లోతు చాలక పెద్ద ఓడలు దూరంగా లంగరేసుకుని ఉంటాయి. వాటికీ ఒడ్డుకీ మధ్య బార్జీలు తిరుగుతానే ఉంటాయి, బియ్యం మోసుకెళ్ళేవీ, ఎరువులు దింపుకొచ్చేవీ. టగ్గు ముందు, తాడు వెనక, తాడు చివర బార్జీ. చీకట్లో టగ్గుని దాటనిచ్చి, హమ్మయ్య అనుకుని దాని వెనకనుంచి దూరావా, నేరుగా తాడు మీదకే. టగ్గు కొయ్య మీద ఒకదాని కింద ఒకటి రెండు తెల్ల దీపాలుంటే వెనకాల ఏదో లాక్కొస్తందని అర్థం. ఆ లాగుడు పొడవు 200 మీటర్లు దాటితే మూడు దీపాలు. నాకు ఈత వచ్చాక మా నాన్న నేర్పిన రెండో చదువు ఇదే.

దీపం సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. గోదారి మొగ దగ్గర శాక్రమెంటో దీపస్తంభం ఉంది చూశారూ, ఆ పేరు మన పేరు కాదు. అదొక అమెరికా యుద్ధనౌక పేరు. 1867 జూన్‌లో ఇక్కడ మేట తగిలి పోయింది. ఓడ పోయింది, పేరు మాత్రం మన గోదారి దగ్గర ఉండిపోయింది.

మా నాన్న రోజుల తర్వాత ఇంజను బోట్లు వచ్చాయి. పాబ్లో బోటు, రొయ్య బోటు, సొర్ర బోటు, వీటన్నిటికంటే పెద్దది సోనా బోటు. ఇంజనుతో పాటు డైనమో, డైనమోతో పాటు బ్యాటరీ, బ్యాటరీ వెనకాలే వైర్లు. ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ప్రపంచమంతటికీ ఒకటే రూలు 1972లో రాసుకున్నారు. 1977 జూలై 15 నుంచి అది అమల్లోకొచ్చింది. నేను పనిలో చేరింది ఆ దరిదాపుల్లోనే. మా మేస్త్రి స్క్రూడ్రైవరు చేతికివ్వక ముందు నా చేత ఆ రూలు అప్పజెప్పించుకున్నాడు. ఎడమ ఎరుపు, కుడి పచ్చ. ఒక్కోటీ నేరుగా ఎదర్నుంచి మొదలై, పక్కకి తిరిగి, ఇంకాస్త వెనక్కి పోయేదాకా, 112.5 డిగ్రీల మేర కనపడాలి. మాస్టు మీద తెల్లది 225, వెనక తెల్లది 135. ఈ రెండూ కలిపితే గుండ్రంగా 360. పన్నెండు మీటర్ల లోపు బోటుకి ఈ రెండు తెల్ల దీపాల బదులు చుట్టూ కనపడేది ఒక్కటి చాలు, సైడు లైట్లు మాత్రం ఉండాల్సిందే. అంత చిన్న బోటుకి సైడు లైటు ఒక మైలు, తెల్లది రెండు మైళ్ళు కనపడాలి. సముద్రం మైలంటే 1852 మీటర్లు, మన రోడ్డు మైలు కాదు. ట్రాల్ వల లాగుతుంటే పైన పచ్చ, కింద తెలుపు. ఇంకో రకం వలతో వేట చేస్తుంటే పైన ఎరుపు, కింద తెలుపు.

ఇప్పుడు చూస్తన్నా కదా. నీలం, ఊదా, మిణుకు మిణుకుమనేవీ ఎన్ని దొరికితే అన్ని కడతన్నారు. దూరం నుంచి చూస్తే ఆ బోటు వస్తందో పోతందో, వల లాగుతుందో, పడుకుందో ఎవడికి తెలియాలి? నాకు ఒళ్ళు మండుద్ది. సర్లెండి.

చెప్పాలనుకున్నది రొయ్య బోటు సంగతి. ఏటిమొగలో ఒకాయన పాత చెక్క బోటు చౌకగా వచ్చిందని కొన్నాడు. ఇంజను బాగుంది, చెక్క బాగుంది, దీపాలకే ఏదో పట్టింది. మాస్టు లైటు ఒక్కటే వేస్తే దేదీప్యమానంగా వెలిగేది. దాని మీద సైడు లైట్లు కూడా వేస్తే మూడూ కలిసి నీరసపడిపోయేవి. పచ్చది అసలు ఉందో లేదో తెలిసేది కాదు, ఎర్రది మాత్రం కొద్దో గొప్పో కనపడేది. బ్యాటరీ చచ్చిపోయిందన్నారు, కొత్త బ్యాటరీ కొన్నాడు. రెండు రోజులు మెరుగ్గా ఉన్నట్టు అనిపించిందట, అది కొత్త డబ్బు ఖర్చుపెట్టినవాడి కంటికి అలాగే ఉంటది. మళ్ళీ అదే కథ. పచ్చ లైటు పాడైందన్నారు, కొత్త లైటు బిగించాడు. అదే కథ.

పచ్చదే ఎందుకు ముందు పోయిందో అప్పుడు ఎవరికీ తెలీదు. మా మేస్త్రికి తెలుసు. లోపల బల్బు తెల్లదే, రంగు అద్దానిది. బల్బులో తీగ బాగా కాలితేనే తెల్లటి వెలుగిస్తది. వోల్టేజి తగ్గి అది సగం కాలితే వెలుగు ఎర్రబడుద్ది. ఆ ఎరుపు ఎర్ర అద్దంలోంచి బయటికి రాగలదు. పచ్చ అద్దానికి కావాల్సిన రంగు అందులో ఉండదు, అందుకని అది చీకటైపోద్ది. పైగా బల్బు వెలుతురు వోల్టేజితో పాటు సమానంగా తగ్గదు. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు మూడో వంతు దాకా పోద్ది. అందుకే పచ్చ లైటు నీరసంగా ఉందంటే నేను ఆ లైటు ముట్టుకోను, వైరు వెనకాల పడతాను.

ఇలా ఉండగా ఒక రాత్రి దెయ్యం వచ్చింది. మాస్టు స్విచ్చి వేస్తే మాస్టు లైటు వెలగలేదు. దాని బదులు కేబిన్లో దిక్సూచి మీద చిన్న దీపం ఉంటది చూడండి, అది వెలిగింది. దాని స్విచ్చి వెయ్యనే లేదు. స్విచ్చి తీస్తే ఆరిపోయింది, వేస్తే వెలిగింది. కళాసీలు బోటు దిగిపోయారు. ఓనరు ముక్కు దగ్గర నిమ్మకాయలు కట్టించి, కొబ్బరికాయ కొట్టించి, ఎందుకైనా మంచిదని ఊళ్ళో ఇళ్ళకి కరెంటు పని చేసే కుర్రాణ్ణి కూడా పిలిపించాడు. ఆ కుర్రాడు టెస్టరు జేబులోంచి తీసి హోల్డరు దగ్గర పెట్టాడు. టెస్టరు వెలగలేదు. ‘కరెంటే రావట్లేదు’ అన్నాడు. బ్యాటరీ మీద పెట్టినా వెలగలేదు. ‘బ్యాటరీలో కూడా లేదు’ అన్నాడు. పాపం వాడి తప్పు లేదు. ఆ టెస్టరు 230 వోల్టుల ఇంటి కరెంటుకి చేసింది. 12 వోల్టులకి అది జన్మలో వెలగదు.

అప్పుడు మా మేస్త్రి కోసం మనిషొచ్చాడు. మేస్త్రి దగ్గర సామానేమీ పెద్దగా ఉండేది కాదు. ఒక హోల్డర్లో కారు బల్బు, దానికి రెండు వైర్లు, చివర మొసలి క్లిప్పులు. అదే టెస్ట్ ల్యాంపు. ఇంకోటి, బోటు ఈ చివర్నుంచి ఆ చివరకి సరిపోయేంత పొడుగు నల్ల వైరు, చుట్ట చుట్టి భుజానికి తగిలించుకునేవాడు. నోట్లో చుట్ట, భుజాన ఈ చుట్ట.

ముందు బ్యాటరీ చూశాడు. మూతలు తీయించి లోపలి యాసిడ్ గ్రావిటీ చూపించమన్నాడు. 1250 పైన ఉంది, ఢోకా లేదు. టెర్మినళ్ళు విప్పించి, వేణ్ణీళ్ళు పోయించి, తెల్లపొడి కడిగించి, గరుకు కాయితం పెట్టి రుద్దించి, వేసలీను రాయించాడు. ఇది జబ్బు ఉన్నా లేకపోయినా చేసే పని. అప్పుడు మాస్టు స్విచ్చి వెయ్యమన్నాడు. దిక్సూచి దీపం వెలిగింది. కళాసీలు జెట్టీ మీంచే చూస్తన్నారు. మేస్త్రి నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు.

నల్ల వైరు ఒక కొస బ్యాటరీ మైనస్సుకి బిగించాడు. రెండో కొస పట్టుకుని మాస్టు మొదలు దగ్గరకెళ్ళి, అక్కడున్న చెక్కపెట్టె మూత విప్పి, లోపల ఇత్తడి స్క్రూకి ఆ కొస ఆనించాడు. మాస్టు లైటు భగ్గున వెలిగింది. సైడు లైట్లు వెయ్యమన్నాడు, అవీ వెలిగాయి, పచ్చదీ వెలిగింది. వైరు తీశాడు, ఆరిపోయాయి. పెట్టాడు, వెలిగాయి. ‘ఒరే, పోయేదారి బాగానే ఉంది, వచ్చేదారి తెగింది’ అన్నాడు నాతో.

ఆ దెయ్యం ఎక్కడిదో అప్పుడు చెప్పాడు. కరెంటు బ్యాటరీ ప్లస్సు నుంచి బయల్దేరి, దీపంలోంచి పోయి, తిరిగి మైనస్సుకి చేరాలి. ఆ బోటులో మూడు దీపాలకీ పోయే వైర్లు వేరు వేరు, తిరిగొచ్చే వైరు మాత్రం ఒక్కటే, మూడూ ఆ ఇత్తడి స్క్రూ దగ్గర కలుస్తాయి. అక్కణ్ణుంచి బ్యాటరీ దాకా ఉన్న వైరు చిలుమెక్కి ఇరుకైంది. ఒక దీపం కరెంటు ఎలాగోలా దూరి పోయేది, మూడు దీపాలది పోలేకపోయేది. అందుకే ఒక్కటే వేస్తే బాగా వెలిగేది, అన్నీ వేస్తే నీరసం. చివరికి ఆ రాత్రి పూర్తిగా తెగింది. మాస్టు లైటులోంచి వచ్చిన కరెంటుకి తిరుగుదారి లేదు. వెతుక్కుంది. స్క్రూ దగ్గర్నుంచి సైడు లైట్లలోకి వెనక్కి ఎక్కింది, వాటి ప్లస్సు వైరు పట్టుకుని కేబిన్‌కి వచ్చింది. అక్కడ దిక్సూచి దీపం సైడు లైట్ల స్విచ్చికే కట్టి ఉంది, దాని మైనస్సు మాత్రం విడిగా, శుభ్రంగా ఉంది. అందులోంచి ఇంటికి చేరింది. దిక్సూచి దీపం చిన్నది, దానికి ఆ కాస్త కరెంటు చాలు, వెలిగింది. మాస్టు లైటు పెద్దది, దానికి ఆ కాస్త ఏమూలకీ చాలదు, వెలగలేదు. ఇంతే దెయ్యం.

నిమ్మకాయలు మాత్రం ఓనరు విప్పించలేదు.

ఇక ఆ తెగిన వైరు. మేస్త్రి దాన్ని ఒక జానెడు కోసి తొడుగు ఒలిచాడు. లోపల రాగి నల్లగా ఉంది. ఇంకో జానెడు కోశాడు, నలుపు. ఇంకా కోశాడు, అక్కడక్కడ పచ్చ చిలుము కూడా. వత్తి నూనె పీల్చినట్టు ఆ సన్న పోగులు ఉప్పునీటిని తొడుగు లోపలికి లాక్కుంటాయి, ఎంత దూరమైనా. పైకి చూస్తే తొడుగు నిగనిగలాడుతుంటది. అతుకు బోటు అడుగున నీళ్ళూరే చోట పడేశారు, దాని మీద నల్ల టేపు చుట్టారు. టేపు వేడికి జిగురు కారి ఊడింది. ఇంకేం కావాలి? నల్లరాగిని ఎంత గీకినా మళ్ళీ నల్లబడుద్ది, టంకం కూడా పట్టదు. వైరు మొత్తం పీకేసి కొత్తది లాగాల్సిందే. ఓనరుకి అది మింగుడుపడలేదు. ‘రెండు జానల వైరు పోతే బోటంతా మారుస్తావేంటయ్యా’ అన్నాడు. మేస్త్రి ఏమీ మాట్లాడలేదు. ఆ వైరు ముక్క ఆయన చేతికిచ్చి, మెరిసే రాగి కనపడేదాకా కోసుకోమని కత్తెర కూడా ఇచ్చాడు. ఓనరు కోసుకుంటా కోసుకుంటా బ్యాటరీ దాకా వచ్చాడు.

ఇప్పుడైతే తగరం పూత ఉన్న పోగుల వైరు దొరుకుద్ది, పడవలకనే చేస్తారు. చాలా ఏళ్ళు ఆగుద్ది. అప్పట్లో మాకు దొరికింది ఇంటి వైరే. 3/22 అనేవాళ్ళం, 7/20 అనేవాళ్ళం. మూడో ఏడో పోగులు, అవీ మందంగా బిరుసుగా ఉంటాయి. గోడలో పెడితే వందేళ్ళు ఉంటది, బోటులో పెడితే ఇంజను వణుకుడుకి తొడుగు లోపలే విరుగుద్ది. దాన్ని పట్టుకోవడం మేస్త్రి నా వేళ్ళకి నేర్పాడు. వైరు రెండు చేతులతో పట్టుకుని కొంచెం కొంచెంగా లాగుతూ పోవాలి. రాగి విరిగిన చోట తొడుగు సాగుద్ది. కళ్ళు మూసుకుని చెయ్యొచ్చు. ఇంకో దరిద్రం అల్యూమినియం వైరు. రాగి ధర ఎక్కువని ఇళ్ళకి అదే వేసేవాళ్ళు, మిగిలిన చుట్ట తెచ్చి బోటుకి కట్టేవాళ్ళు. అల్యూమినియాన్ని ఇత్తడి స్క్రూ కింద పెట్టి ఉప్పుగాలి తగలనిస్తే తెల్లపొడి అయి రాలిపోద్ది. ఒక బోటులో నేను పెట్టె మూత తీసేసరికి వైరుకి తొడుగు మాత్రమే మిగిలింది.

టెస్టరు కథ చెప్పాను కదా, మీటరు కథ కూడా వినండి. కొన్నాళ్ళకి నేనొక మల్టీమీటరు కొనుక్కున్నాను. వెలగని లైటు దగ్గర బల్బు తీసి, హోల్డర్లో మీటరు పెడితే 12.4 చూపించేది. కరెంటు ఉంది, బల్బు మంచిది, ఎందుకు వెలగదు? ఇప్పటి కుర్రాళ్ళందరూ ఇక్కడే ఆగిపోతన్నారు. మీటరు కరెంటు తాగదు. పోగులన్నీ కుళ్ళి వెంట్రుకంత ఒక్క పోగు మిగిలినా దాంట్లోంచి వచ్చే వోల్టేజి మీటరుకి నిండుగానే కనపడుద్ది. 25 వాట్ల బల్బు పెట్టి చూడు, రెండు ఆంపియర్లు అడుగుద్ది, అప్పుడు బండారం బయటపడుద్ది. అందుకే బల్బు వేసి ఉంచి కొలవాలి. ఒక బోటులో అలా కొలిస్తే బ్యాటరీ దగ్గర 12.4, నీరసంగా వెలుగుతున్న బల్బు దగ్గర 9.8. మధ్యలో 2.6 ఎవడో తినేశాడు. మీటరు ఒక కాలు బ్యాటరీ ప్లస్సు మీద, ఇంకో కాలు బల్బు ప్లస్సు మీద పెట్టాను: 0.3. మైనస్సు నుంచి మైనస్సుకి పెట్టాను: 2.3. దొంగ దొరికాడు, ఎప్పట్లాగే వచ్చేదారిలోనే. మంచి వైరు కూడా కాస్త తింటది, అది వేరే లెక్క. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు పది మీటర్లు పోయి పది మీటర్లు తిరిగొస్తే, రెండు ఆంపియర్లకి అర వోల్టు పోద్ది. ఈ దీపాలకి మూడు శాతం కంటే ఎక్కువ పోకూడదంటారు, అంటే 0.36. కాబట్టి రెండున్నర వైరు వెయ్యాలి. ఓనర్లు ఇక్కడ గీస్తారు బేరం.

అన్నిటికంటే చికాకు పెట్టేది వచ్చిపోయే జబ్బు. ఒక సొర్ర బోటులో దీపాల ఫ్యూజు సముద్రంలోనే కొట్టేసేది, జెట్టీ దగ్గర ఎంతసేపు చూసినా కొట్టేది కాదు. ఆ డ్రైవరు తెలివైనవాడు, ఫ్యూజు బదులు సిగరెట్టు పెట్టెలో వెండి కాయితం చుట్టి పెట్టేశాడు. ఇక కొట్టలేదు. ఒక రాత్రి కేబిన్ చెక్కల వెనక పొగ వచ్చింది. దేవుడి దయ, ఇంజను దగ్గరున్న కళాసీ చూసి బ్యాటరీ వైరు పీకేశాడు. ఫ్యూజు కొట్టిందంటే అది నీ ప్రాణం కాపాడి తను పోయిందని అర్థం, దానికి వెండి కాయితం పెట్టడమేంటి? ఆ మూడు దీపాల వైరుకి పది ఆంపియర్ల ఫ్యూజు చాలు, దానికంటే ఒక్క మెట్టు కూడా పెంచకూడదు.

సరే, ఆ బోటుని మేస్త్రి కుంభాభిషేకం రేవులో కట్టించి, పగటిపూట, కళాసీలందరినీ డెక్కు మీద వరసగా నిలబెట్టాడు. ‘అందరూ కుడికి పరిగెత్తండి’ అన్నాడు. పరిగెత్తారు. ‘ఎడమకి’ అన్నాడు. బోటు ఊగడం మొదలెట్టింది. రేవులో చేపలమ్మే ఆడాళ్ళంతా తట్టలు దించి చూస్తన్నారు. ‘ఏంటి మేస్త్రీ, గంగజాతరకి ఆట నేర్పుతున్నావా’ అని ఒకామె కేకేసింది. మేస్త్రి పట్టించుకోలేదు. నన్ను ఫ్యూజు స్థానంలో టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తా కూర్చోమన్నాడు. అది బాగా గుర్తుపెట్టుకోండి, ఫ్యూజు బదులు బల్బు పెడితే షార్టు అయినప్పుడు వైరు కాలదు, ఆ బల్బు నిండుగా వెలుగుద్ది. దీపాల బల్బులన్నీ ముందే పీకేశాం కాబట్టి నా బల్బు ఆరిపోయి ఉంది. బోటు ఎడమకి బాగా వాలినప్పుడల్లా ఫెళ్ళున వెలిగింది. అప్పుడు నేను ‘ఇప్పుడు’ అని అరవడం, మేస్త్రి వైరు ఒక్కో చోట పట్టుకుని ఆపడం. కేబిన్ గోడకి రేకు కొట్టి ఉంది, దానికి చిల్లు పెట్టి రెండు వైర్లూ దూర్చారు, చుట్టూ రబ్బరు లేదు. రేకు అంచు రెండు తొడుగుల్నీ కోసింది. ఎడమకి వాలితే రెండు వైర్ల రాగీ ఆ రేకుని తాకేది. కళాసీలకి ఆయాసం వచ్చింది, మేస్త్రి వాళ్ళందరికీ టీ పోయించాడు, డబ్బులు ఓనరు ఖాతాలో.

ఇంకో రకం వచ్చిపోయే జబ్బు ఉంది, అది మంచుది. ధనుర్మాసంలో వస్తది. రాత్రి మంచు పడితే లైటు ఆరిపోద్ది, తెల్లారి ఎండెక్కితే ఏమీ ఎరగనట్టు వెలుగుద్ది. పగలు చూసేవాడికి జబ్బే కనపడదు. చెంబుడు సముద్రం నీళ్ళు తెచ్చి లైటు మీద పోసి చూడాలి. చాలాసార్లు వైరు పైనుంచి నేరుగా లైటులోకి దిగుతుంటది, దాన్ని పట్టుకుని నీళ్ళు కూడా దిగుతాయి. వైరుని కాస్త కిందకి వంపు తిప్పి, అక్కణ్ణుంచి పైకి లైటులోకి ఎక్కించాలి. నీళ్ళు ఆ వంపు దగ్గర కారిపోతాయి. కానీ ఖర్చు లేని పని ఇది, చెప్తే ఎవరూ చెయ్యరు.

ఏంటి, ఎల్.ఇ.డి.లు వచ్చాక ఇదంతా అక్కర్లేదంటావా? నువ్వు అడుగుతావని తెలుసులే. ఎల్.ఇ.డి. మంచిదే, కాదనను. మూడు పాత బల్బులు పన్నెండు గంటలు వెలిగితే 75 ఆంపియర్-అవర్లు తాగేవి, అంటే నూరు బ్యాటరీలో ముప్పాతిక. ఇంజను ఆపి వల మీద కూర్చుంటే తెల్లారేసరికి స్టార్టు కాదని దీపాలే ఆర్పేసుకునేవాళ్ళం. ఎల్.ఇ.డి.కి ఆ బెంగ లేదు. కానీ అది తక్కువ తాగడం వల్ల కుళ్ళిన వైరు మీద కూడా వెలుగుద్ది, జబ్బు కప్పిపెడుద్ది. మా కాలంలో దీపం ముందు నీరసపడి చెప్పేది, ఇది చెప్పదు. ప్లస్సు మైనస్సు తారుమారైతే చాలావరకు వెలగవు, ఇంకా పాడైనా పాడవుతాయి. కొన్ని నాసిరకంవి వెలిగిస్తే వైర్‌లెస్ సెట్టులో గుర్రుమంటది. పాత ఎర్ర అద్దం వెనక నీలిరంగు కొట్టే తెల్ల ఎల్.ఇ.డి. పెడితే ఎరుపు సరిగా రాదు. ఆ రంగుకి తగ్గది కొనుక్కోవాలి.

నీ బోటు సంగతికే వద్దాం. వైర్‌లెస్‌లో మైకు నొక్కి మాట్లాడినప్పుడల్లా పచ్చ లైటు మిణుకుమంటందన్నావు, వదిలేస్తే నిలకడగా ఉంటందన్నావు. కొత్త లైటు కొనడానికి పొద్దున్నే మెయిన్ రోడ్డుకి పోతానన్నావు. ఎందుకు? ఆ సెట్టు మాట్లాడేటప్పుడు అయిదారు ఆంపియర్లు లాగుద్ది, నీ ఎల్.ఇ.డి. పచ్చ లైటు దాంట్లో ఇరవయ్యో వంతు కూడా లాగదు. రెండిటికీ తిరుగుదారి ఒకటే అయ్యుంటది. సెట్టు ఒక్కసారిగా లాగినప్పుడు ఆ ఇరుకు దారిలో వోల్టేజి పడిపోయి నీ లైటుకి చాలట్లేదు. ఫైబరు బోటైతే మాత్రం ఏం, స్క్రూ స్క్రూనే, చిలుము చిలుమే. రేపు ఐసు ఎక్కించేలోపు బ్యాటరీ మైనస్సు నుంచి ఆ లైటు మైనస్సు దాకా విడిగా ఒక వైరు లాగి, మైకు నొక్కమని ఎవడికైనా చెప్పి, నువ్వు జెట్టీ మీదకి దిగి ఎదరనుంచి చూడు. లైటు కదలకపోతే పాత నల్ల వైరు మొత్తం పీకెయ్యి. మధ్యలో కోసి ముక్క అతికించి టేపు చుట్టావంటే మాత్రం, వచ్చే ధనుర్మాసంలో నన్ను పిలవకు.